కారం మర మీద ఇల్లు

మార్చి 2, 1988. బుధవారం

ఈయన పురుగుమందుల షాపులో గుమాస్తా. అందుకని ఏటా మా ఇంటికి ఏదో ఒక మందుల కంపెనీ డైరీ వస్తుంది. ప్రతి పేజీ అడుగునా రైతులకు ఒక హెచ్చరిక ఉంటుంది. ఈ పేజీది: గాలికి ఎదురుగా నిలబడి మందు చల్లరాదు. ఇన్నేళ్ళూ వీటిలో ముగ్గులు గీసుకున్నాను. ఈ ఏడాది మాటలు రాసుకుందామని మొదలుపెట్టాను, ఇంట్లో మాట్లాడటానికి మనిషి లేకుండా పోయింది గనక.

మనుషులు లేక కాదు. ముగ్గురం ఉన్నాం. ఈయన మాట్లాడితే నష్టాలే మాట్లాడతాడు. అత్తయ్య అసలు మాట్లాడదు.

బొల్లాపల్లిలో ఇల్లు అమ్మేసి ఆవిడను ఇక్కడికి తెచ్చి ఇరవై మూడు రోజులైంది. మామయ్య పోయాక నాలుగేళ్ళు అక్కడ ఒక్కతే ఉంది. బావి అడుగంటింది, కప్పు కారుతోంది, ఆవిడ మోకాళ్ళు పట్టేశాయి. అమ్మక తప్పదని అందరం కలిసే అనుకున్నాం. వీధి ఆ చివర ఎవరైనా తుమ్మితే ఈ చివర నుంచి కారణం చెప్పగలిగిన నాగులమ్మ గారు, ఇప్పుడు మా అద్దె ఇంటి వెనక గదిలో గోడ వైపు మొహం పెట్టుకుని కూర్చుంటుంది. అన్నం తింటావా అత్తయ్యా అంటే ఊఁ. నీళ్ళు తోడనా అంటే ఊఁ. గుడికి పోదామా అంటే ఊఁహూఁ. అదీ మాటే కదా అంటాడు ఈయన.

ఆ ఇంటి డబ్బుతో ఈ నరసరావుపేటలో ఒక గూడు చూసుకోవాలి. ఈయన రైలు గేటు అవతల జాగా ఒకటి చూశాడు. అక్కడ ప్రస్తుతం జిల్లేడు మొక్కలు తప్ప ఎవరూ కాపురం ఉండటం లేదు. రెండోది, పల్నాడు బస్టాండుకు పోయే రోడ్డు మీద ప్రభాకరరావు గారు కట్టిన మేడ. కింద కొట్లు, పైన రెండు ఫ్లాట్లు. ఒకటి అమ్ముడైపోయింది, వాళ్ళింకా దిగలేదు. రెండోది కొంటారో కొనరో ఇరవై ఏడో తేదీకల్లా చెప్పమన్నాడు. గురజాల వాళ్ళెవరో దానికోసం కాచుకుని ఉన్నారట.

మార్చి 4, శుక్రవారం

ఫ్లాటు చూసొచ్చాం. నాకేం నచ్చలేదు.

కొట్ల మధ్య నుంచి మెట్లు. ఎడమ పక్క పిచ్చియ్య అనే ఆయన కారం మర, కుడి పక్క ఐజాక్ మైకుసెట్ల షాపు, ఆ పక్కది ఇంకా ఖాళీ. ఇరవై మూడు మెట్లు. పైన రెండు గదులు, వంటిల్లు. వంటింట్లో నడుం ఎత్తున నాపరాయి గట్టు వేశారు, నిలబడి వండుకోవచ్చు. పొద్దున పూట ఎండ కిటికీలోంచి సరిగ్గా ఆ గట్టు మీదే పడుతుంది. గోడకు మూడు అరలు. పై అరలో జాడీలు, మధ్యలో పప్పుల డబ్బాలు, కింద ఉల్లిపాయలు పెట్టుకోవచ్చు, కొనుక్కునే వాళ్ళెవరో. రోడ్డు వైపు పిట్టగోడతో వరండా ఉంది. నలుగురు మనుషులు కాళ్ళు చాపుకుని కూర్చోవచ్చు, మేం ముగ్గురమే.

మళ్ళీ రాస్తున్నాను, నాకేం నచ్చలేదు.

మార్చి 5, శనివారం

పురుగుమందు డబ్బాల మీద విషాన్ని బట్టి రంగు గుర్తులుంటాయి. ఎరుపైతే ప్రాణాంతకం. పసుపు దాని తర్వాతది. నీలం ఇంకాస్త నయం. ఆకుపచ్చ అంటే చేతులు కడుక్కుంటే చాలు. రోజంతా రైతులకు ఇదే చెప్పి చెప్పి ఈయనకు లోకంలో ప్రతిదీ ఒక డబ్బాలాగే కనపడుతుంది. ఇవ్వాళ రంగు పెన్సిళ్ళు ఇంటికి తెచ్చాడు. కాగితం మీద ఫ్లాటు కొంటే వచ్చే ప్రమాదాలు వరసగా రాసి, పక్కన త్రికోణాలు వేశాడు.

కింద నేల మనది కాదు, ఎరుపు. కారం ఘాటు, ఎరుపు. మర మోటారు కాలి నిప్పంటుకోవడం, ఎరుపు. మైకు, పసుపు. ఖాళీ కొట్లోకి రేపు సారా వాడు దిగొచ్చు, అదీ పసుపే. అమ్మ మోకాళ్ళకు ఇరవై మూడు మెట్లు అని రాసి నీలం వేశాడు, దాని మీదే ఎరుపు దిద్దాడు.

ఆకుపచ్చవి ఏం లేవా అన్నాను. చాలాసేపు ఆలోచించి, వాన నీళ్ళు గడప దాటి రావు అని రాశాడు. అది ప్రమాదం కాదుగా అంటే, అందుకే ఆకుపచ్చ అన్నాడు. మరి నీ రైలు గేటు జాగాకు రంగులేవి అని అడిగాను. నేల నేలే, దానికేం ఉంటుంది అన్నాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు.

మార్చి 7, సోమవారం

అత్తయ్య మాట్లాడలేదు.

మార్చి 9, బుధవారం

జాకెట్టు గుడ్డ కోసం బజారుకు వెళ్ళి, అక్కడి నుంచి ఎటూ దారే కదా అని ఫ్లాటు దగ్గరికి వెళ్ళాను. దారి కాదు. అరమైలు చుట్టు. అయినా ఆ చప్పుళ్ళ సంగతి ఎవరో ఒకరు తేల్చాలిగా.

మర ఆడుతుంటే మెట్ల మీద నాకు నాలుగు తుమ్ములొచ్చాయి. పైకి వెళ్ళాక రెండే. పిచ్చియ్యను అడిగితే, పొద్దున పదింటి నుంచి పొద్దుగూకే దాకా ఆడిస్తానని, కాయకు కాస్త నూనె పట్టిస్తే అంత ఘాటు లేవదని, నూనె పట్టించడానికి జనం ఒప్పుకోరని చెప్పాడు. ముప్పాళ్ళ వైపు మనిషి. ఎవరితో మాట్లాడినా అరిచినట్టే మాట్లాడతాడు, మర పక్కన ముప్పై ఏళ్ళు నిలబడితే అంతే మరి. ఐజాక్ నెమ్మదస్తుడు. కూర్చోమని స్టూలు తుడిచి వేశాడు. పెళ్ళిళ్ళ రోజుల్లో పొద్దున్నే హారన్లు పరీక్ష చేసుకుంటాను, పావుగంట ఓర్చుకోవాలక్కా అన్నాడు. మెట్ల కింద పూలు అమ్మే రామాయమ్మ అయితే నేను కొనేశాననే అనుకుని, మీ ఆయన పేరేంది, ఏం పని అని అన్నీ అడిగింది. అంకారావు, పురుగుమందుల షాపు అని చెప్పాను. వాళ్ళ ముగ్గురి మధ్యా గంట కూర్చున్నాను.

ఇంటికొచ్చి చాలా గోలగా ఉందని ఈయనకు చెప్పాను. ఉంది కూడా. ఆ గోలలో నాకు చాలా హాయిగా ఉందన్న సంగతి ఈయన అడగలేదు, నేను చెప్పలేదు.

మార్చి 12, శనివారం

ఈయన దస్తావేజులు రాసే ఆయన దగ్గరికి వెళ్ళొచ్చాడు. కింద నేలలో మీ వాటా ఇంత అని దస్తావేజులో విడిగా రాయించుకోండి, మేడ పైకప్పు మీద హక్కు కూడా ఎవరిదో తేల్చుకోండి, అవి రెండూ రాయకుండా సంతకం పెడితే గాలిలో కాపురమే అన్నాడట. ప్రభాకరరావు గారు రెండింటికీ సరేనన్నాడు. ఒక ఎరుపు పసుపైంది. పసుపు వేసేటప్పుడు ఈయన మొహం చూడాలి, సొంత పొలంలో పైరు ఎండినట్టు.

ఖాళీ కొట్లోకి సారా రాకుండా కూడా రాయించమన్నాను. అది రాయరట.

మార్చి 15, మంగళవారం

అత్తయ్య తన చీర ముందు వైపు గోడ మీద ఆరేసింది. మా ఇంటి యజమానురాలు కొండమ్మ గారు చూసి, ఇదేమన్నా పల్లెటూరనుకున్నావా, వెనక ఆరేసుకో అంది. ఊరంతా అవతలి వాళ్ళ పెరడు గురించి తీర్పులు చెప్పిన మనిషి ఏమంటుందోనని నేను తలుపు చాటున నిలబడ్డాను. అత్తయ్య ఒక్క మాట అనలేదు. తడి చీర తీసుకుని మడత పెట్టుకుని లోపలికి వచ్చేసింది. ఆవిడ ఎదురు తిట్టకపోయేసరికి నాకు దుఃఖం ఆగలేదు. పెళ్ళైన కొత్తలో ఆ నోటికి భయపడి పుట్టింటికి పారిపోయిన దాన్ని నేను.

అందరం కలిసే అనుకున్నాం అని మొదటి రోజు రాశాను. అందరం అంటే ఈయనా నేనూ.

మార్చి 16, బుధవారం

అడిగితే వద్దంటుందని అడగలేదు. ముందు అమ్మకం మాట ఎత్తింది నేనే.

మార్చి 18, శుక్రవారం

ఈయనకు ఒక ఆలోచన వచ్చింది. కొత్త మందు వస్తే ముందు ఒక మూల రెండు సాళ్ళకు కొట్టి చూస్తారు, చేను తట్టుకుంటే మిగతాదానికి కొడతారు. అలాగే ఆదివారం పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆ ఫ్లాటులో ఉండి చూద్దాం, అమ్మ మెట్లు ఎక్కగలదో లేదో, కారానికి తట్టుకుంటుందో లేదో తేలిపోతుంది అన్నాడు. ప్రభాకరరావు గారు తాళాలిచ్చాడు. చాప, స్టవ్వు, నాలుగు గిన్నెలు సర్దాను. తట్టుకోదని తేలుతుందని ఈయన నమ్మకం. నాకు అలాంటి నమ్మకాలేం లేవు.

మార్చి 20, ఆదివారం

ఇంకా నవ్వు ఆగటం లేదు.

పొద్దున ఎనిమిదికల్లా వెళ్ళాం. అత్తయ్య ఏడేసి మెట్లకు ఒకసారి కూర్చుంటూ ఎక్కింది. ఎక్కాక వరండాలో చాప వేశాను. పిట్టగోడ కన్నాల్లోంచి రోడ్డు చూస్తూ కూర్చుంది. మర మొదలయ్యాక తుమ్మింది, దగ్గింది, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. ఈయన ప్రతి తుమ్ముకీ నా వైపు చూశాడు. అన్నం తిన్నాక, ఇక తేలిపోయినట్టే అని చెప్పి, రైలు గేటు జాగా ఇంకోసారి కొలిచి వస్తానని వెళ్ళిపోయాడు. పొద్దుటి నుంచి అత్తయ్య ఊఁ కూడా అనలేదు. నాకు నీరసం వచ్చింది. సామాను సర్దేసుకునే ముందు టీ పెడదామని స్టవ్వు మీద పాలు పెట్టాను. టైము ఐదు కావస్తోంది.

అప్పుడు వినపడింది.

"ఒరేయ్ మరోడా. ఏందిరా ఆడిస్తన్నావు? ముక్కిన కాయ వాసన ఈడిదాకా కొడతంది. తాలుకాయ కలిపావంట్రా?"

నలభై ఒక్క రోజుల తర్వాత ఆ గొంతు. నేను వరండాలోకి పరిగెత్తాను. అత్తయ్య పిట్టగోడ పట్టుకుని లేచి నిలబడి ఉంది. కింద పిచ్చియ్య మర ఆపి, చేతిలో చేటతో రోడ్డు మీదికొచ్చి పైకి చూస్తున్నాడు. మొహం నిండా కారం. ఎవరమ్మా నువ్వు, నా కాయ సంగతి నీకేం తెలుసు అని అరిచాడు. ముప్పై పంటలు మిరప తోట చేశాను, తొడిమ తియ్యకుండా ఆడిస్తే వాసనకే చెబుతాను అని ఈవిడ అరిచింది. ఆ కాయ తనది కాదని, ఆ సంచీ తెచ్చినాయన తొడిమలు తియ్యనన్నాడని పిచ్చియ్య చెప్పాడు. అయితే ఆ సంచీ ఆయన్నే ఇటు రమ్మను, నేను మాట్లాడతాను అంది అత్తయ్య. ఆయనెవరో సంచీ అక్కడే వదిలేసి టీ కొట్టు వెనక్కి వెళ్ళిపోయాడు. రోడ్డు మీద జనం ఆగారు. అత్తయ్య కళ్ళు చూశాను. మిరపపళ్ళలా ఎర్రగా ఉన్నాయి, మెరుస్తున్నాయి.

పైన ఈ కేకలేంటోనని రామాయమ్మ మెట్లెక్కి వచ్చింది. వంటింట్లోకి తొంగి చూసింది. పాలు గిన్నె దాటి, నాపరాయి గట్టంతా పారి, నేల మీద కారుతున్నాయి.

"అమ్మా, పాలు పొంగించుకుంటున్నారా. ఒక్క మాట చెప్పొద్దా," అని నొచ్చుకుంది.

టీ కోసమమ్మా అని నేను అంటూనే ఉన్నాను. రామాయమ్మ అప్పటికే సగం మెట్లు దిగింది. కొత్త ఇంట్లో పాలు పొంగితే గృహప్రవేశమే గాని టీ అని ఎవరు నమ్ముతారు. రెండు నిమిషాల్లో ఆవిడ మూర మల్లెలతో వచ్చింది. పిచ్చియ్య కారం చేతులు కడుక్కుని, తన మరలోనే ఆడించిన పసుపు పొట్లం తెచ్చాడు. ఎదురు కొట్టాయన అరటిపళ్ళ అత్తం పంపాడు. ఐజాక్ పైకి రాలేదు గాని, హారను ఇటు తిప్పి నాదస్వరం క్యాసెట్టు పెట్టాడు. మధ్యలో ఆపి మైకులో, పైన ఫ్లాటులో ఇప్పుడే పాలు పొంగించుకున్న అంకారావు గారి కుటుంబానికి తన సౌండ్ సర్వీస్ తరఫున శుభాకాంక్షలు చెప్పాడు. అత్తయ్య రామాయమ్మ చేత జడలో పూలు పెట్టించుకోమని నన్ను కసిరింది.

సరిగ్గా అప్పుడు ప్రభాకరరావు గారు గురజాల వాళ్ళను వెంటబెట్టుకుని వచ్చాడు, ఊరికే చూపించి పోదామని. వాళ్ళు మెట్ల కిందే ఆగి, మైకు విని, వేరే వాళ్ళ పాలు పొంగిన ఇంట్లోకి మేమెట్లా వస్తామండీ అని చెప్పులు కూడా విప్పకుండా వెనక్కి తిరిగారు.

వాళ్ళ వెనకే ఈయన. చేతిలో కొలత టేపు. తన ఇంటి గృహప్రవేశం సంగతి తను రోడ్డు మీద మైకులో వింటున్నాడు. పైకొచ్చి, నా జడలో పూలు చూసి, గట్టు మీద పాలు చూసి, గడియారం చూసుకున్నాడు.

"ఆదివారం, ఐదుంబావు. నడిరాహుకాలం," అన్నాడు.

"పాలు పంచాంగం చూసుకుని పొంగుతయ్యంట్రా," అంది అత్తయ్య.

మార్చి 21, సోమవారం

కాగితంలో కొత్త వరస చేరింది. రాహుకాలంలో పాలు, ఎరుపు. దాని కింద, బేరం పోగొట్టినందుకు ప్రభాకరరావు గారి కోపం, ఎరుపు. ఇది పరీక్ష మాత్రమేనని వెళ్ళి చెప్తానన్నాడు, ఎవరికి చెప్పాలో తేలక ఆగాడు.

స్టవ్వు తగ్గించి వెళ్ళాల్సింది కదా అని నన్ను నాలుగుసార్లు అడిగాడు. అత్తయ్య గొంతు విని కంగారులో పరిగెత్తానని నాలుగుసార్లూ చెప్పాను.

మార్చి 22, మంగళవారం

కంగారు నిజమే. కాని వరండాలో నిలబడ్డాక పాలు గుర్తొచ్చాయి. గుర్తొచ్చాక కూడా కాసేపు అక్కడే నిలబడ్డాను. ఎంతసేపో రాయను.

మార్చి 24, గురువారం

అత్తయ్య మళ్ళీ వెనక గదిలోకి వెళ్ళిపోయింది. అయితే ఇవ్వాళ పొద్దున నన్ను పిలిచి, ఆ మరోడు తొడిమలు తీయించాడో లేదో కనుక్కురమ్మంది. ఈయన విన్నాడు. షాపుకు వెళ్ళబోతూ చెప్పులేసుకుని, వాటిని విడిచి, గుమ్మంలోనే కూర్చున్నాడు. అమ్మకు అక్కడ దగ్గు రాదా అని నన్ను అడిగాడు. లోపల నుంచి ఆవిడే జవాబు చెప్పింది.

"వస్తే దగ్గుతా. నోరు మూసుకుని గోడ చూసే దానికంటే, దగ్గుకుంటా నలుగుర్ని చూస్తే పోయేదేముంది?"

ఈయన షాపుకు ఆలస్యంగా వెళ్ళాడు.

మార్చి 27, ఆదివారం

గడువు ఇవ్వాళే. సాయంత్రం ఆరింటికి ప్రభాకరరావు గారు వస్తానన్నాడు. నాలుగింటికే ఈయన, రిక్షా పిలిచాను, అమ్మను బయల్దేరమను అన్నాడు. కాగితం తీసుకోలేదు. నేను గుర్తు చెయ్యలేదు.

అత్తయ్య ఈసారి రెండుచోట్లే కూర్చుంది. వరండాలో చాప మీద కుదురుకుని, రామాయమ్మను పైనుంచే పలకరించింది. ఈయన తల్లి ఎదురుగా నేల మీద కూర్చున్నాడు. ఎప్పుడూ అలా కూర్చోగా చూడలేదు నేను. పంచె అంచు మడతపెట్టి, విప్పి, మళ్ళీ మడతపెట్టాడు.

"అమ్మా, ఇది కొందామా, వద్దా? నువ్వు చెప్పింది చేస్తా," అన్నాడు చివరికి.

అత్తయ్య వక్క నోట్లో వేసుకుంది. రోడ్డు మీద మాచర్ల బస్సు పోయేదాకా చూసింది. నేను వంటింటి గుమ్మంలో నిలబడ్డాను, గట్టు మీద చెయ్యి ఆనించి. ఇది చెయ్యి జారిపోతే నేనేమవుతానో ఆ నిమిషం దాకా నాకు తెలియలేదు. నాకు ఈ ఇల్లు కావాలి. మొదటి రోజు నుంచీ కావాలి.

"కొనరా. మెట్ల సంగతి నా మోకాళ్ళు చూసుకుంటయ్యి," అంది.

ఈయన తలూపాడు. లేవబోయాడు. ఆవిడ చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది.

"ఆ ఇల్లు అమ్మేప్పుడు కూడా ఇట్టా అడిగుంటే, అమ్మేయమనే చెప్పేదాన్నిరా నాయనా," అంది.

తర్వాత ఈయన భుజాలు కదలడం చూశాను. పెళ్ళైన ఇన్నేళ్ళలో ఈయన ఏడవడం చూడలేదు, మామయ్య పోయినప్పుడు కూడా. నేను వెళ్ళి ఆవిడ కాళ్ళ దగ్గర కూర్చున్నాను. నాకూ కన్నీళ్ళు ఆగలేదు. అత్తయ్య మా ఇద్దరినీ చూసి, కొంగు చివర ఈయన చేతిలో పెట్టింది.

"కారం ఘాటుకేలే, తుడుచుకోండి," అంది.

కరెంటు పోయి మధ్యాహ్నం నుంచీ పిచ్చియ్య మర ఆగే ఉంది.